ఏ గ్రూపు తీసుకున్నావు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన రెండోరోజు రాత్రి మా మేనకోడలు ఫోన్ చేసింది. ఆరువందలకి 561 వచ్చాయి. అభినందనలవీ ముందురోజే అయిపోయాయి కాబట్టి మళ్లీ ఎందుకు చేసిందా అనుకున్నాను. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, గొంతు తగ్గించి అడిగింది: "మావయ్యా, హెచ్.ఈ.సి. తీసుకుంటే ఏమవుతుంది?"

వెనకనుంచి మా అక్క గొంతు వినబడుతూనే ఉంది. "వాణ్ణే అడుగు. వాడేం చదివి ఆ ఉద్యోగంలోకి వెళ్లాడో వాణ్ణే చెప్పమను."

"ఏమీ కాదు తల్లీ" అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్ చదివిన పిల్లకి నిజంగానే ఏమీ కాదు. కానీ తను అడిగింది అది కాదు. 561 వచ్చిన పిల్ల చరిత్ర చదువుతానంటే ఇంట్లో అందరూ పరామర్శకి వచ్చినట్టు ఎందుకు మొహాలు పెట్టారన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు నా దగ్గర లేదు. ఎందుకంటే ఇరవై ఐదేళ్ల కిందట నేనైతే ఆ ప్రశ్న కూడా అడగలేదు. ఎం.పి.సి.లో చేర్పించారు, చేరాను.

ఆ ఫోన్ తర్వాత కొన్నాళ్లపాటు పాత విద్యా కమిషన్ల నివేదికల గురించి చదువుతూ కూర్చున్నాను. మన దగ్గర బడి చదువు పూర్తయిందని ఎవరు చెబుతారు, ఏ లెక్కన చెబుతారు, తర్వాత ఎటు వెళ్లాలో ఎప్పుడు నిర్ణయమవుతుంది అన్నవి చూద్దామని. నూట డెబ్భై ఏళ్ల కథ అది. కథ పొడుగునా ఎవరో ఒక పెద్దమనిషి కొత్త దారి ఒకటి వేస్తూనే ఉన్నాడు. జనం మాత్రం పాత దారి వదలలేదు.

*

మన వైపు ఈ కథ 1857లో మొదలవుతుంది. ఆ ఏడాది సెప్టెంబరులో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పెట్టారు కాబట్టి, మొదట్లో అది పాఠాలు చెప్పే చోటు కాదు, పరీక్షలు పెట్టే చోటు. అందులో మొదటి పరీక్ష మెట్రిక్యులేషను. కాలేజీలో చేరడానికి ఫలానా కుర్రాడు పనికొస్తాడా లేదా తేల్చడం దాని పని. ఆ పైన ఎఫ్.ఏ., అంటే ఫస్ట్ ఆర్ట్స్. దాని పైన బి.ఏ.

ఇక్కడ ఒక తిరకాసుంది. మెట్రిక్యులేషను బడి ముగింపు పరీక్ష కాదు, కాలేజీ ప్రవేశ పరీక్ష. బడి చదువు ముగిసిందని చెప్పే గట్టి కాగితం వేరే లేదు. దాంతో రాజమండ్రిలో చదివినా, బందరులో చదివినా, విజయనగరంలో చదివినా, కాలేజీ మొహం చూసే ఉద్దేశం లేనివాడు కూడా ఆ పరీక్షకే కూర్చోవాలి. గుమాస్తా పనికీ అదే అడిగారు, మాస్టరు పనికీ అదే అడిగారు. గిడుగు రామమూర్తి గారినే తీసుకోండి. మెట్రిక్ పాసై పర్లాకిమిడిలో మాస్టరుగా చేరారు. ఎఫ్.ఏ., బి.ఏ.లు ఆ ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా కట్టి పాసైనవే. ఇంటి బరువు మొయ్యడానికి మెట్రిక్ చాలు. మెట్రిక్ లేకపోతే ఎన్నేళ్లు బళ్లో కూర్చున్నా లెక్కలోకి రాదు.

'కన్యాశుల్కం'లో వెంకటేశం పరీక్ష తప్పిన కుర్రాడు. ఆ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో తెలియకే గిరీశాన్ని వెంటబెట్టుకుని అగ్రహారానికి వెళతాడు. అగ్నిహోత్రావధాన్లు గారికి ఇంగ్లీషు చదువు మీద ప్రేమేం లేదు. డబ్బులు పోతున్నాయని కేకలేస్తాడు, అయినా మాన్పించడు. చదువు మీద గౌరవం లేకపోయినా చదువు తెచ్చే కాగితం మీద ఆశ ఉంటుంది చూశారా, అది గురజాడకి 1890ల్లోనే బాగా తెలుసు. అందులో నవ్వుకోవాల్సిందెంతో ఉంది. కానీ ఆ నవ్వు మన ఇళ్ల మీద కూడా పడుతుంది.

ఈ తిరకాసు ప్రభుత్వానికీ కనబడకపోలేదు. 1882లో లార్డ్ రిప్పన్ కాలంలో విలియం హంటర్ అధ్యక్షతన ఒక విద్యా కమిషన్ వేశారు. హైస్కూలు పై తరగతుల్ని రెండు పాయలు చెయ్యమన్నది వాళ్ల సిఫారసు. ఒకటి విశ్వవిద్యాలయానికి పోయేది. దానికి 'ఎ' కోర్సు అని పేరు పడింది. రెండోది వ్యాపారానికీ వృత్తిపనులకీ పనికొచ్చేది, 'బి' కోర్సు. కాగితం మీద ఎంతో సబబుగా ఉంది. అందరూ బి.ఏ.లు అవరు కదా, మిగతావాళ్లకి పనికొచ్చేదేదో నేర్పాలి కదా.

పిల్లలు వెళ్లలేదు. ఇరవయ్యేళ్లు గడిచినా దేశం మొత్తంమీద మెట్రిక్యులేషను వైపు వెళ్లినవాళ్లతో పోలిస్తే 'బి' కోర్సు వైపు వెళ్లింది చిన్న పాలే. భారతీయులకి చేతిపని మీద చులకన అని దీనికి ఒక వివరణ ఇస్తుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు, కులం ఉన్న దేశం మనది. కానీ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 'బి' కోర్సు పూర్తిచేసినవాడికి ఏ తలుపు తెరుచుకుంటుంది? కాలేజీ తెరుచుకోదు. ఉద్యోగమిచ్చే దొర మెట్రిక్ ఉందా అంటాడు. 'ఎ'లో చేరినవాడు కావాలంటే తర్వాత వ్యాపారం చేసుకోవచ్చు. 'బి'లో చేరినవాడికి మనసు మారితే వెనక్కి దారి లేదు. ఇంట్లో ఒక్కడినే చదివించగలిగిన తండ్రి ఏది ఎంచుకుంటాడు? ఆయనది మూర్ఖత్వం కాదు, లెక్క.

*

గుమ్మం ఒక్కటే ఉన్నప్పుడు, దాని కొలతకి సరిపోనివాడి గతేమిటి? దీనికి మనకందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. అందులో విశాఖపట్నం కూడా ఉందని నాకు చాలాకాలం తెలియదు.

శ్రీనివాస రామానుజన్ కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్‌తో ఎఫ్.ఏ.లో చేరాడు. ఆ రోజుల్లో ఎఫ్.ఏ.లో గ్రూపుల్లేవు. లెక్కలతోపాటు ఇంగ్లీషు, సంస్కృతం, చరిత్ర, చివరికి ఫిజియాలజీ కూడా అందరూ చదవాల్సిందే. రామానుజన్ లెక్కలు తప్ప ఇంకేమీ పట్టించుకోలేదు. ఇంగ్లీషులో తప్పాడు, స్కాలర్‌షిప్ పోయింది. 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం వచ్చేశాడు. ఎందుకు అదే ఊరో, అక్కడ ఏ వీధుల్లో తిరిగాడో నేను చదివినవాటిలో ఎక్కడా వివరంగా దొరకలేదు. చదువులో తప్పిన పదిహేడేళ్ల కుర్రాడు తెలియని ఊరికి పారిపోవడం మాత్రం మనకి కొత్త సంగతి కాదు. ఇప్పటికీ ఫలితాల వారంలో రైల్వేస్టేషన్లలో ఇలాంటి పిల్లలు కనబడతారు. అతను తిరిగి ఇంటికి చేరాడు. అందరూ చేరరు.

తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరి, 1906లో ఎఫ్.ఏ. మళ్లీ తప్పాడు. 1907లో మరోసారి రాసి మళ్లీ తప్పాడు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో నెలకి 30 రూపాయల గుమాస్తా. మరుసటి ఏడాది హార్డీ ఉత్తరాల తర్వాత అదే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకి 75 రూపాయల పరిశోధన వేతనం ఇచ్చింది. తన గుమ్మం దగ్గర రెండుసార్లు ఆపేసిన కుర్రాణ్ణి కిటికీలోంచి లోపలికి లాక్కుంది.

దీన్ని మేధావి కథగా చెప్పుకుని మురిసిపోవడం నాకిష్టం లేదు. ఎంతమందికి కేంబ్రిడ్జి నుంచి ఉత్తరాలొస్తాయి? ఇందులో నన్ను ఆపింది వేరే. 1904 విశ్వవిద్యాలయాల చట్టం తర్వాత నిబంధనలు మారాయి. ఎఫ్.ఏ. పోయి ఇంటర్మీడియట్ వచ్చింది. ఇంగ్లీషు, ఒక భాష అందరికీ ఉంచి, మిగతా విషయాల్ని గుంపులుగా చేసి ఒకటి ఎంచుకోమన్నారు. రామానుజన్ ఐదారేళ్లు ఆలస్యంగా పుట్టుంటే ఫిజియాలజీ గండం తప్పేదే. ఇంగ్లీషు గండం మాత్రం అప్పుడూ ఉండేది.

అంటే 'గ్రూపు' అన్నది మొదట మనల్ని బంధించడానికి పుట్టిన మాట కాదు. అన్నీ అందరూ మింగాల్సిన అవసరం లేకుండా, ఇష్టమున్నది చదువుకోనివ్వడానికి పుట్టిన మాట. ఇది చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గనిపించింది. పాపం, మంచి ఉద్దేశంతోనే మొదలైంది.

*

మా తాత ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం మా ఇంట్లో ఇంకా ఉంది. అట్ట ఊడిపోయి, పేజీలు బెల్లం రంగుకి తిరిగాయి. పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ (అది హెడ్మాస్టరు గారు వేసిన తేదీ అనేవాడు తాత), రెండు పుట్టుమచ్చలు, ఏ ఫారంలో ఏ విషయంలో ఎన్ని మార్కులు, చివర పబ్లిక్ పరీక్ష మార్కులు. తాత ఎప్పుడూ "నేను ఎస్సెల్సీ పాస్" అనలేదు. "ఎస్సెల్సీ కంప్లీటెడ్" అనేవాడు. చిన్నప్పుడు అది ఆయన ఇంగ్లీషు పద్ధతి అనుకున్నాను.

కాదు. మెట్రిక్యులేషను పట్టు తప్పించాలనే మద్రాసు ప్రభుత్వం 1910 ప్రాంతాల్లో ఈ సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్‌ని తెచ్చింది. అప్పటిదాకా ఉన్నది విశ్వవిద్యాలయం గుమ్మంలోకి రానిచ్చే పరీక్ష. ఇది బడి తన పిల్లవాడి గురించి తను రాసి ఇచ్చే పత్రం. ఒక్కరోజు పరీక్ష కాదు, బడిలో ఏళ్ల తరబడి ఎలా చదివాడో కూడా అందులో ఉంటుంది. పాస్, ఫెయిల్ అన్న మాట అసలు ఉండదు. మార్కులు ఇవీ, ఇక కాలేజీవాళ్లూ ఉద్యోగమిచ్చేవాళ్లూ తమకి ఏం కావాలో చూసుకోండి అన్నది ఉద్దేశం. ఇప్పుడు ఎవరైనా ఇలాంటిది చెబితే విప్లవమంటాం.

మరి జరిగిందేమిటి? కాలేజీలో చేరడానికి ఎవరు అర్హులో విశ్వవిద్యాలయం చెప్పడం మొదలుపెట్టింది. ఆ జాబితాలో ఉన్నవాడు 'ఎలిజిబుల్'. లేనివాడు 'కంప్లీటెడ్'. ఫెయిల్ అన్న మాట కాగితం మీంచి పోయి ఊరి నోట్లోకి చేరింది. మా తాత లెక్కల్లో తగ్గి ఎలిజిబుల్ కాలేదు. ట్రైనింగయి, ప్రాథమిక పాఠశాలలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాడు. 'కంప్లీటెడ్' అనేటప్పుడు ఆయన గొంతులో ఉండే చిన్న తడబాటు నాకిప్పుడు అర్థమవుతోంది.

సాహిత్యం చదివే మనకి ఈ ఎస్.ఎస్.ఎల్.సి. ఇంకో సంగతికి గుర్తుండాలి. వ్యావహారిక భాషా పోరాటానికి ఒక పెద్ద మంట ఇక్కడే రాజుకుంది. 1912–13 ప్రాంతంలో, స్కూల్ ఫైనల్ తెలుగు వ్యాసరచన కావ్యభాషలోనైనా ఆధునిక భాషలోనైనా రాయవచ్చునని బోర్డు చెప్పింది. కావ్యభాషకి నమూనా చిన్నయసూరి నీతిచంద్రిక. ఆధునిక భాషకి నమూనా ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. పిల్లవాడికి ఇచ్చిన చిన్న ఐచ్ఛికం, అంతే. దాని మీద సభలు, పిటిషన్లు, కరపత్రాలు. ఒకవైపు జయంతి రామయ్య పంతులు గారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు. ఇంకోవైపు గిడుగు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన యేట్సు దొర. విశ్వవిద్యాలయం వేసిన కమిటీలో మెజారిటీతో ఏకీభవించలేక గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం ఇచ్చారు. చివరికి ప్రభుత్వం ఆ వెసులుబాటుని వెనక్కి తీసుకుంది. 1915 నవంబరులో గురజాడ పోయారు. పరీక్షల్లోకి వాడుక భాష పూర్తిగా రావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

మనం దీన్ని సాధారణంగా పండితులకీ ఆధునికులకీ మధ్య భాషా వివాదంగా చదువుతాం. ఇప్పుడు నాకది పదిహేనేళ్ల పిల్లల వైపు నుంచి కనబడుతోంది. ఇంట్లో మాట్లాడే మాటలతో వ్యాసం రాస్తే నీ చదువు పూర్తయినట్టా, కాదా? అసలు ప్రశ్న అది. గిడుగు అంత తీవ్రంగా పోరాడడానికి కారణం ఆయన భాషాశాస్త్రం ఒక్కటే కాదు. ఆయన బడిపంతులు. పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో రోజూ చూసిన మనిషి.

నిజాం రాజ్యంలో తెలుగు పిల్లల సంగతి మరోలా ఉండేది. నిజాం కాలేజీ 1887 నుంచి మద్రాసు విశ్వవిద్యాలయానికే అనుబంధం. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పిన విశ్వవిద్యాలయంగా చరిత్రకెక్కింది. ఆ భాష ఉర్దూ. దేశానికంతా అది గర్వకారణమే. వరంగల్లోనో నల్లగొండలోనో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన కుర్రాడికి మాత్రం ఇంగ్లీషు గుమ్మం పక్కనే ఉర్దూ గుమ్మం తయారైంది. తన భాషలో గుమ్మం ఇక్కడా లేదు, అక్కడా లేదు.

*

స్వాతంత్ర్యం తర్వాత పెద్ద ప్రయత్నం 1952–53లో జరిగింది. మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన సెకండరీ విద్యా కమిషన్ వేశారు. హంటర్ రెండు పాయలన్నాడు, మొదలియార్ ఏడన్నాడు. హ్యుమానిటీస్, సైన్సు, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం. ఇవన్నీ ఒకే బడిలో ఉండే మల్టీపర్పస్ స్కూళ్లు పెట్టమన్నారు. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఆ పేరు బోర్డు మీద కనబడుతుంది. లోపల పర్పస్ మాత్రం ఒకటే మిగిలింది. ఏడు రకాల చదువులకి ఏడు రకాల మాస్టర్లూ, పనిముట్లూ, ఆ తర్వాత చేర్చుకునే కాలేజీలూ కావాలి కదా. బడి మారింది, గుమ్మం మారలేదు.

అదే ఊపులో పాత రెండేళ్ల ఇంటర్మీడియట్ తీసేసి, ఒక ఏడాది పి.యు.సి., మూడేళ్ల డిగ్రీ పెట్టారు. మా నాన్న ఆ కాలం మనిషి. 1966లో ఎస్.ఎస్.ఎల్.సి. ఆ తరం వాళ్లని కదిపితే వినబడే మాట ఒకటుంది: జనరల్ మేథ్స్, కాంపోజిట్ మేథ్స్. హైస్కూల్లోనే ఈ రెండింటిలో ఒకటి తీసుకోవాలి. కాంపోజిట్ మేథ్స్ ఉంటేనే తర్వాత లెక్కల గ్రూపు, ఇంజినీరింగు. జనరల్ మేథ్స్ అంటే ఆ దారి మూసుకున్నట్టే. ఇదంతా పదమూడేళ్ల పిల్లవాడి నిర్ణయం. నిర్ణయమని ఎందుకంటున్నానో నాకే తెలియదు. మా నాన్న బళ్లో కాంపోజిట్ మేథ్స్ చెప్పే మాస్టరు ఆ ఏడు బదిలీ మీద వెళ్లిపోయాడు. ఉన్నది జనరల్ మేథ్స్, ఆయన తీసుకున్నది అదే. మా పెద్దత్త చదివిన ఆడపిల్లల బళ్లో ఆ ప్రశ్నే రాలేదు. లెక్కలు వద్దనుకుంటే డొమెస్టిక్ సైన్స్ ఉంది, కావాలనుకున్నా డొమెస్టిక్ సైన్సే ఉంది.

నాన్న పి.యు.సి.లో ఆర్ట్స్ తీసుకుని, బి.ఏ. చేసి, ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. ఏం తక్కువ కాలేదు. కానీ ఇంట్లో ఏ సందర్భం వచ్చినా, ఇల్లు కట్టే ఇంజినీరు ఏదో తప్పు చేసినా, టీవీలో ఆనకట్ట కనబడినా, ఒకటే మాట: "కాంపోజిట్ మేథ్స్ ఉండుంటేనా..." ఆ వాక్యం ఎప్పుడూ పూర్తి చేసేవాడు కాదు. నేను ఆ వాక్యాన్ని పూర్తి చెయ్యడానికి పుట్టాను.

*

1964–66 కొఠారి కమిషన్ పది, రెండు, మూడు అన్న లెక్క ఇచ్చింది. పది తర్వాత పిల్లల్లో పెద్ద భాగం వృత్తివిద్యల వైపు వెళ్లాలని ఆశపడింది. మన రాష్ట్రం తొందరగానే అందుకుంది. 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది, 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఈ.సి., హెచ్.ఈ.సి. అన్న అక్షరాలు మన ఇళ్లలో కులం, గోత్రం లాగా స్థిరపడ్డాయి.

అప్పుడు 1986 వచ్చింది. ఆ ఏడాది రెండు పనులు జరిగాయి. ఢిల్లీలో జాతీయ విద్యావిధానం ప్రకటించారు. హయ్యర్ సెకండరీ పిల్లల్లో 1990కల్లా 10 శాతం, 1995కల్లా 25 శాతం వృత్తివిద్యా కోర్సుల్లో ఉండాలని అందులో రాశారు. హైదరాబాదులో ఎంసెట్ మొదలైంది. ఈ రెండింటిలో మన పిల్లల జీవితాల్ని ఏది మార్చిందో చెప్పడానికి పరిశోధన అవసరం లేదు. ఢిల్లీ కాగితం కొత్త దారి గురించి మాట్లాడింది, ఎంసెట్ గుమ్మం గురించి మాట్లాడింది. మూడునాలుగు గ్రూపుల్లో రెండింటికే ఆ గుమ్మం. మిగతావి, ఎవరూ ప్రకటించకుండానే, 'బి' కోర్సులయిపోయాయి.

నిజానికి ఎంసెట్‌ని తిట్టడం నాకు చేతకాదు. సిఫారసూ డబ్బూ లేని ఎందరో పిల్లలకి, ఊళ్లలో మొదటి తరం చదువుకున్నవాళ్లకి, ర్యాంకు ఒక న్యాయం. అందరికీ ఒకే ప్రశ్నపత్రం అన్నది చిన్న మాట కాదు. కానీ ఒక్క గుమ్మం దగ్గర న్యాయం జరిగితే, ఆ గుమ్మం దగ్గరే ఊరంతా గుమిగూడుతుంది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ లేచాక ఆ గుంపు ఎంతయిందో మీకు తెలుసు.

నేను 1999లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎం.పి.సి.లో చేరాను. చేరిన మొదటి వారం ఒక కాగితం ఇచ్చారు. సెకండ్ లాంగ్వేజి: సంస్కృతం. అక్కడ గడి లేదు, అచ్చేసే ఉంది. తెలుగైతే మార్కులు రావు, టైము తినేస్తుంది అన్నారు. అంతదాకా నాకు బాగా ఇష్టమైన సబ్జెక్టు తెలుగు. ఎనిమిదో తరగతిలో మాస్టారు నా వ్యాసం క్లాసులో చదివి వినిపించారు. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి నాకు అరనిమిషం కూడా పట్టలేదు. సంస్కృతంలో నాకు 97 వచ్చాయి. చాలా జవాబులు ఇంగ్లీషు లిపిలో, ఇంగ్లీషులో రాశాను. ఇప్పుడొక శ్లోకం ముందుపెడితే నాకు విభక్తి తెలియదు. తెలుగులో మళ్లీ ఒక పేజీ రాయడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

గిడుగు, గురజాడ ఏ పరీక్ష గదిలో వాడుక తెలుగుకి చోటు కోసం పోరాడారో, అదే గదిలో ఎనభై ఆరేళ్ల తర్వాత నేను తెలుగునే వదిలేసి వచ్చాను. ఎవరూ నిషేధించలేదు. మార్కుల లెక్క చూసుకున్నాం, అంతే. అందుకే ఆ లెక్కని నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను. అగ్నిహోత్రావధాన్లు గారి లెక్క, మా నాన్న లెక్క, నా లెక్క ఒకటే.

2020 జాతీయ విద్యావిధానం ఆర్ట్స్‌కీ సైన్సుకీ మధ్య గట్టి గోడలు ఉండకూడదంటోంది. ఫిజిక్సూ చరిత్రా కలిపి చదువుకోవచ్చట. మంచిమాట. హంటర్ దగ్గర్నుంచి అన్నీ మంచిమాటలే. నూట డెబ్భై ఏళ్లలో నాకు అర్థమైనది ఇంతే: దారులు ఎన్ని వేసినా, ఆ దారి చివర ఉన్న తలుపు దగ్గర ఎవరు నిలబడి ఏం అడుగుతున్నారో మార్చకపోతే, రెండో దారి ఎప్పుడూ తప్పినవాళ్ల దారిగానే మిగులుతుంది.

*

మొన్న సెలవు పెట్టి మా మేనకోడలితో కాలేజీలు తిరిగాను. మొదటి రెండు ప్రైవేటు కాలేజీల్లో హెచ్.ఈ.సి. లేదు. "ఆ గ్రూపు మేం నడపడం లేదండీ, ఎం.పి.సి.లో ఫీజు తగ్గిస్తాం" అన్నారు రెండోచోట. మూడోది ప్రభుత్వ జూనియర్ కాలేజీ. అక్కడ ఉంది. వేపచెట్టు కింద బల్ల వేసుకుని ఒక లెక్చరరు గారు అప్లికేషన్లు తీసుకుంటున్నారు. మార్కుల మెమో చూశారు. కళ్లద్దాలు పైకి తోసి మళ్లీ చూశారు.

"ఇన్ని మార్కులొచ్చాయి కదమ్మా, ఇక్కడికెందుకొచ్చావు?"

"చరిత్ర చదువుదామని సార్" అంది.

ఆయన నా వైపు చూశారు, నేనేమైనా చెబుతానేమోనని. నేనేమీ చెప్పలేదు. ఆయన చెప్పే సబ్జెక్టు చరిత్రేనట, తర్వాత తెలిసింది. అప్లికేషను తీసి, తానే నింపడం మొదలుపెట్టారు. సెకండ్ లాంగ్వేజి దగ్గర అడగకుండానే తెలుగు అని రాసేశారు. "మా దగ్గర అదొక్కటే ఉందమ్మా" అన్నారు, క్షమాపణ చెబుతున్నట్టు.

బయటికొచ్చాక బస్టాపులో నిలబడి, "మావయ్యా, తాతయ్య వాళ్ల నాన్నగారి పుస్తకం ఉందన్నావు కదా, ఒకసారి చూపిస్తావా?" అని అడిగింది. చూపిస్తానన్నాను.

అక్క ఇంకా ఒప్పుకోలేదు. ఫీజు కట్టడానికి వచ్చే సోమవారం దాకా గడువుంది.